పైల సింహాచలానికి రావలసిన దుఃఖం

పైల గురువులు చనిపోయిన ఉదయం, అతని భార్య సింహాచలానికి రావలసిన దుఃఖం పొరపాటున కంటి విభాగం ముందు వరుసలో కూర్చున్న ఇంకో పైల సింహాచలానికి వెళ్ళిపోయింది.

ఆ పెద్దాసుపత్రిలో ఇలా జరగడం ఆ నెలలో ఇది మూడోసారి. మొదటిసారి ఒక తల్లికి చెందవలసింది క్యాంటీన్‌లో గారెలు వేసే మనిషికి వెళ్ళింది. అతను రెండు రోజులపాటు కళ్ళు తుడుచుకుంటూ పని చేస్తుంటే ఉల్లిపాయల వల్ల కాబోలనుకుని ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి ఒక కొడుక్కు రావలసింది అసలెవరికీ చేరలేదు. ఆ కొడుకు ఫిర్యాదు కూడా చెయ్యలేదు.

ఫిర్యాదులు చూసుకోవలసింది ఓదార్పు అధికారి పాస్టర్ కృపావరం. ఆయన ఆ ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్ళుగా ఉన్నాడు. ఎవరి నోట్లో తులసి తీర్థం పోయాలో, ఎవరి చెవిలో కలిమా వినిపించాలో, ఎవరి మంచం పక్కన కీర్తన పాడాలో ఆయనకు తెలుసు. శవం వెళ్ళడానికి బండి ఎక్కడ దొరుకుతుందో, శ్మశానం తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా తెలుసు. పూర్వం దుఃఖం దానంతటదే వచ్చేది. ఎవరికి పడితే వాళ్ళకి, ఎంత పడితే అంత వచ్చేది. సొంత తమ్ముడు పోతే పొడి కళ్ళతో నిలబడ్డవాళ్ళున్నారు, పక్క మంచం రోగి పోతే గుండె పగిలేలా ఏడ్చినవాళ్ళున్నారు. ఇందులో ఒక క్రమం లేదని ప్రభుత్వం గమనించి, ఆరేళ్ళ క్రితం పంపిణీ బాధ్యత ఆసుపత్రులకు అప్పగించింది. డాక్టరు చీటీ రాస్తాడు, చీటీ రికార్డుల గదికి వెళ్తుంది, అక్కడ పేరు ఎక్కిస్తారు, అరగంటలో దుఃఖం చేరుతుంది. చేరాక కృపావరం పని మొదలవుతుంది.

ఆ ఉదయం ఆయన అయిదో వార్డు బయట బల్ల మీద సింహాచలం పక్కన కూర్చున్నాడు. ఆమెకు నలభై నాలుగేళ్ళు, జీడి బట్టీలో పిక్కలు కొట్టే పని. మొగుడు జూట్ మిల్లులో పని చేసేవాడు. తొమ్మిది రోజులు జ్వరంతో ఉండి, పొద్దున్న ఎనిమిదిన్నరకు పోయాడు.

"ఇంకో పది నిమిషాల్లో వచ్చేస్తుందమ్మా. కూర్చో" అన్నాడు కృపావరం.

గురువులు తల్లికి రావలసింది అప్పటికే వచ్చేసింది. తల్లుల చీటీలు వేరే పుస్తకం. ఆవిడ నేల మీద పడి "ఓరి నాయినా, ఓరి నా గురువులో" అని దొర్లుతోంది. కోడలు ఆవిడ తల గోడకు కొట్టుకోకుండా చెయ్యి అడ్డం పెట్టి, కృపావరం వంక చూసింది.

"అయ్యగారూ, నాది ఇంకా రానేదేటి?"

"వస్తుంది."

"గంటైపోనాది. అందరూ నన్నే సూస్తన్నారు. నాను మంచిదాన్ని కాదనుకుంతన్నారు."

కృపావరం లేచి రికార్డుల గదికి వెళ్ళాడు. అక్కడ సీనియర్ అసిస్టెంటు సన్యాసిరావు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. సన్యాసిరావు చెడ్డవాడు కాదు. తెర మీద లేనిది లోకంలో ఉండగలదని నమ్మడు, అంతే.

"పైల సింహాచలం గారికి తొమ్మిది ఇరవైకే చేరిపోయిందండి" అన్నాడు.

"చేరలేదు. ఇప్పుడే ఆవిడ దగ్గర్నుంచి వస్తున్నాను."

"చేరినట్టు రసీదుంది."

"రసీదు మీద ఎవరు సంతకం పెట్టారు?"

"దీనికి సంతకాలుండవండి. కన్నీళ్ళు పడితే పడ్డట్టే. తొమ్మిది ఇరవై రెండుకి పడ్డాయి."

కృపావరం తల వంచి తెర చూశాడు. పేరు పైల సింహాచలం. ఆడా మగా అన్న గడి ఖాళీ. ఆ ప్రాంతంలో సింహాచలం అన్న పేరు మొగుడికీ ఉంటుంది, పెళ్ళానికీ ఉంటుంది, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఇద్దరికీ ఉంటుంది. ఆ గడి నింపండని ఆయన ఇప్పటికి పదకొండు ఉత్తరాలు రాశాడు. పదకొండింటికీ 'పరిశీలనలో ఉంది' అని జవాబొచ్చింది.

"ఇవాళ ఆసుపత్రిలో ఇంకో సింహాచలం ఉన్నాడా?"

"నలుగురున్నారండి. పైల వారు మాత్రం ఒక్కరే. కంటి విభాగం, టోకెను ముప్పయ్యారు."

టోకెను ముప్పయ్యారు అరవై ఒక్కేళ్ళ మనిషి. కాలువ మీద షట్టర్లు ఎత్తే లస్కరుగా పని చేసి, ఆ ఏడే దిగిపోయాడు. పెళ్ళి లేదు. అమ్మానాన్నలు అతనికి ఊహ తెలియకముందే పోయారు. ముప్పై నాలుగేళ్ళు షట్టర్ల పక్కన గదిలో ఒక్కడే ఉన్నాడు. ఇప్పుడూ ఆ గదిలోనే ఉంటున్నాడు, ఖాళీ చెయ్యమని అడిగేవాళ్ళు లేక. కృపావరం వెళ్ళేసరికి అతను తలపాగా విప్పి మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నర్సు అతని భుజం మీద చెయ్యి వేసి అడుగుతోంది.

"మందు మండుతోందా తాతా?"

"మందింకా ఎయ్యనేదమ్మా" అన్నాడతను. "ఎవులో పోనట్టున్నారు."

కృపావరం అతని పక్కన కూర్చున్నాడు. పోయినవాడి పేరు గురువులనీ, అతనికి ఏమీ కాడనీ, ఇది ఆఫీసు పొరపాటనీ నెమ్మదిగా చెప్పాడు. లస్కరు అంతా శ్రద్ధగా విన్నాడు.

"గురువులా" అన్నాడు. ఆ పేరు అనగానే మళ్ళీ కుమిలిపోయాడు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ శవాన్ని దుఃఖితులకే, పెళ్ళైనవాడైతే భార్య స్థానంలో దుఃఖించేవారికే, అప్పగించాలని నిబంధన. మార్చురీ గుమ్మంలో సన్యాసిరావు ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. రికార్డు ప్రకారం భార్య స్థానంలో దుఃఖితుడు టోకెను ముప్పయ్యారు. అతను వేలిముద్ర వేస్తే తప్ప గురువులు కదలడానికి లేదు.

"ఇదేం న్యాయం సన్యాసిరావ్! పాతికేళ్ళు కాపరం చేసిన మనిషి ఇక్కడ నిలబడి ఉంది."

"నిలబడే ఉన్నారు కదండీ. అదే సమస్య. పడిపోయి ఉంటే నేనూ ఆలోచించేవాణ్ణి."

కృపావరం తన సంచీని బల్ల మీదికి విసిరికొట్టాడు. అందులోంచి బైబిలు, తులసి మాల, అత్తరు సీసా, ఎనిమిది రకాల దరఖాస్తులు కింద పడ్డాయి. తనే వంగి ఏరుకున్నాడు.

లస్కరు వేలిముద్ర వేశాడు. వేశాక బండి కూడా ఎక్కాడు. ఎక్కవద్దని ఎవరూ అనలేకపోయారు. ఆ బండిలో ఉన్నవాళ్ళందరిలోకీ ఆ శవాన్ని వదిలి ఉండలేనిది అతనూ, తల్లీ. పద్నాలుగు మైళ్ళూ ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఏడ్చారు. సింహాచలం డ్రైవరు పక్కన కూర్చుని దారి చెప్పింది.

ఊళ్ళో పనులన్నీ ఆమే చూసుకుంది. కట్టెలు చెప్పింది, కుండ తెప్పించింది, అత్తగారి చేత బలవంతాన రెండు గుక్కల మజ్జిగ తాగించింది. ఎక్కడా తొట్రుపడలేదు. ఆ తొట్రుపడకపోవడమే ఊరికి నచ్చలేదు. "మొగుడు పోతే బొట్టు నీరు రానేదు సూడండి, ఏటుందో కడుపులో" అని అరుగుల మీద అనుకున్నారు. ఇది ఆఫీసు పొరపాటని కృపావరం ఇంటింటికీ తిరిగి చెప్పాడు. వాళ్ళు తల ఊపారు. ఆఫీసుల్లో పొరపాట్లు జరుగుతాయని వాళ్ళకీ తెలుసు. అయినా ఆడదాన్ని అనుమానించడం తేలిక.

పదో రోజున గాజులు తీసే దగ్గర ముసలమ్మలకు తర్జనభర్జన వచ్చింది. రూలు ప్రకారం దుఃఖంలో ఉన్నది లస్కరు. అతని చేతులకు గాజులు లేవు. చివరికి సింహాచలం చేతులవే పగలగొట్టారు. ఆమె ఆ ముక్కలు చూసి కృపావరంతో అంది.

"సూసినారా అయ్యగారూ, గాజులు పగలగొట్టడానికైతే తిన్నగా నా దగ్గిరికే వచ్చినారు."

ఓదార్పు ఎవరి దగ్గర దుఃఖం ఉంటే వాళ్ళకే ఇవ్వాలి. వారానికొకసారి చొప్పున ఆరు సార్లు వెళ్ళాలి, ప్రతిసారీ పుస్తకంలో రాయాలి. కాబట్టి కృపావరం కాలువ షట్టర్ల దగ్గరికి వెళ్ళి లస్కరును ఓదార్చడం మొదలుపెట్టాడు. అయితే పోయినవాణ్ణి గురించి ఒక్క ముక్కైనా తెలియని మనిషిని ఓదార్చడం ఎలా? మొదటివారం ఇద్దరూ కాలువ నీళ్ళు చూస్తూ కూర్చున్నారు. "ఎలగుండీవోడు బాబూ?" అని లస్కరు అడిగాడు.

రెండో వారం ఆయన ముందు సింహాచలం దగ్గరికి వెళ్ళాడు.

"మీ ఆయన గురించి ఏదైనా చెప్పమ్మా."

ఆమె బియ్యం చెరుగుతూ చెప్పింది. చెరగడం ఆపలేదు.

"ఏటి సెప్తాను? మాటకారి కాడు. మిల్లు నుంచొస్తే కనుబొమల నిండా జనుము దూదే. నానలిగితే బతిమాలడు. అరుగు మీద కూకుని ఎల్లిపాయలు ఒలిచీవోడు. నా కోపం దిగీదాకా ఒలిచీవోడు. మా ఇంట్ల ఒలిసిన ఎల్లిపాయలెన్నున్నాయో సూస్తే, మేమెన్ని మాట్లు తగువాడుకున్నామో లెక్క తేలిపోతాది." చేట ఆపి గోడ వంక చూసింది. "ఈ మాట సెప్తే నాకు ఏడుపు రావాల. అది నాకు తెలుస్తంది. ఇక్కడ రావాలని తెలుస్తంది. కానీ ఖాళీ. అద్దెకున్నోలు ఖాళీ సేసిన గదిలాగ."

ఆ మాటలు పట్టుకుని కృపావరం కాలువ దగ్గరికి వెళ్ళి చెప్పాడు. లస్కరు కనుబొమలు తడుముకున్నాడు. ఎల్లిపాయల దగ్గరికొచ్చేసరికి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. మూడో వారం వెళ్ళేసరికి గది గుమ్మంలో అతను గంపెడు ఎల్లిపాయలు ముందు పోసుకుని ఒలుస్తున్నాడు. పక్కన గురువులు తల్లి కూర్చుని ఉంది. ఆవిడ రెండు బస్సులు మారి వచ్చింది. "కోడలి దగ్గిర ఏడిస్తే గోడ దగ్గిర ఏడిసినట్టుంది బాబూ. ఈ నాయినకి తెలుస్తాది" అంది.

కృపావరం తెచ్చిన కాగితం బయటికి తీశాడు. అది నిరభ్యంతర పత్రం. ప్రస్తుతం దుఃఖంలో ఉన్నవారు ఒప్పుకుంటే దాన్ని అసలు వారికి బదిలీ చేస్తారు. ఆ కాగితం ఇవ్వడానికి సన్యాసిరావు పద్దెనిమిది రోజులు తీసుకున్నాడు.

"వేలిముద్ర వేస్తే చాలు. నీకీ బాధ ఉండదు" అన్నాడు.

లస్కరు కాగితం వంక చూడలేదు.

"ఎయ్యను బాబూ."

"ఎందుకని?"

"అరవై ఒక్కేళ్ళకి నాకో మనిషి దొరికేడు. సచ్చిపోయే దొరికేడనుకోండి. ఆడి కోసం ఈ అమ్మ వస్తంది. ఆడి కోసం పొద్దున్న లేస్తన్నాను. ఇప్పుడు ఇచ్చీమంటే ఈ గదిలో నాకేటుంటాది?"

కృపావరానికి ఒళ్ళు మండింది. ఇంతకాలం ఓదార్పు చెప్పినవాడు ఆ క్షణాన ఓదార్పు తప్ప అన్నీ చెప్పాడు. అది నీది కాదన్నాడు, దొంగసొత్తుతో సమానమన్నాడు, అక్కడొకావిడ రాయిలా బతుకుతోందన్నాడు. లస్కరు వింటూ ఎల్లిపాయలు ఒలిచాడు. తిరుగు బస్సులో కృపావరం తన మీద తనే విసుక్కున్నాడు. ఏడిచేవాణ్ణి మాన్పించడం ఆయనకు తెలుసు. ఏడుపు మానకుండా కాపలా కాసుకుంటున్న మనిషి ఎదురుపడడం ఇదే మొదలు.

ఆ ఆదివారం సింహాచలం తనే కాలువ దగ్గరికి వచ్చింది. కృపావరం వెంట ఉన్నాడు. ఇంటిపేరు ఒకటే గనక ఆమె లస్కరును బావా అని పిలిచింది.

"బావా, నీ మీద నాకు కోపం నేదు. నువ్వు బాగా ఏడిసినావు. నానైనా అంత బాగా ఏడవనేమో."

లస్కరు లేచి, ఆమె కూర్చోవడానికి చాప వేశాడు.

"రాత్తిరి తొంగుంటే ఎడమపక్క సల్లగా ఉంటాదమ్మా" అన్నాడు. "నాకు ఎడమపక్క ఎప్పుడూ ఎవులూ నేరు. మరెందుకు సల్లగుంటాది?"

"అది ఆయన పడకే" అంది సింహాచలం. "ఆ సలి నాది. నాకు తెలుస్తన్లేదు. అది నీ కాడుంటే ఆయన నీ మనిషి. మరి నానెవులిని బావా? పాతికేళ్ళు ఆ ఇంట్ల నానెవులిని?"

షట్టరు కింద నీళ్ళ చప్పుడు వినబడుతోంది. లస్కరు చెయ్యి తుడుచుకుని కృపావరం వైపు చాచాడు.

"ఏస్తాను. కూసింత ఉంచుకోవచ్చా?"

నిబంధనల్లో కొంత ఉంచుకోవడమన్నది లేదు. దుఃఖం మొత్తం ఉంటుంది, లేదా మొత్తం పోతుంది. కృపావరానికి అది తెలుసు. అయినా ఆ ముసలివాడి చాచిన చెయ్యి చూసి, కాగితం అడుగున 'వివరణలు' అన్న చోట తన దస్తూరీతో రాశాడు: 'కొంత భాగం ఉంచుకొనుటకు అభ్యంతరము లేదు.' ఆయన ఉద్యోగంలో రూలు తప్పి రాసిన వాక్యం అదొక్కటే.

ఆ వాక్యం వల్ల ఫైలు పదకొండు నెలలు ఆగింది.

'కొంత' అంటే ఎంత అని జిల్లా ఆఫీసు అడిగింది. ముసలివాడు ఎంత ఉంచుకుంటే అంత అని కృపావరం రాశాడు. దుఃఖాన్ని కొలిచే సాధనం ఈ ఆఫీసులో లేదని జవాబు వచ్చింది. సాధనం కొనమని కృపావరం రాశాడు. ఫైలు ఒకసారి పశుసంవర్ధక శాఖకు వెళ్ళి అక్కడ నెలన్నర ఉంది. ఎందుకు వెళ్ళిందో వాళ్ళకూ తెలియదు, కానీ 'మా అభ్యంతరము లేదు' అని రాసి పంపారు. కృపావరం రెండు రోజులకోసారి సన్యాసిరావు బల్ల ముందు నిలబడేవాడు. "మీరు ఆ లైను రాయకుండా ఉండాల్సిందండి" అని సన్యాసిరావు ప్రతిసారీ అనేవాడు. అది నిజం గనక కృపావరానికి ఇంకా మండేది.

మధ్యలో సమీక్షా సమావేశం జరిగింది. సూపరింటెండెంటు గారు పైల సింహాచలం కేసు చదివి సంతోషించింది. సింహాచలం మర్నాటి నుంచే ఇల్లు చక్కబెట్టుకుంది, మూడో వారానికి పనిలోకి వెళ్ళింది, తర్వాత ఒక్కరోజు మానలేదు. వార్డు ముందు గుంపు చేరలేదు, మంచం పది నిమిషాల్లో ఖాళీ అయింది. "దీన్ని పొరపాటు అనడం ఎందుకు పాస్టర్ గారూ?" అంది సూపరింటెండెంటు. కృపావరం లేచి నిలబడ్డాడు. చెప్పవలసినవి చాలా ఉన్నాయి. అంతలో టీ వచ్చింది, తర్వాతి అంశం దోమల మందు.

బదిలీ ఉత్తర్వు చివరికి ఒక బుధవారం వచ్చింది. 'వాడుక పోగా మిగిలిన దుఃఖము' బదిలీ చేయబడునని అందులో ఉంది. మధ్యాహ్నం రెండింటికి చేరుతుందని సన్యాసిరావు చెప్పాడు. ఈసారి ఆడా మగా గడి తనే నింపి, రెండుసార్లు సరిచూశాడు. కృపావరం బస్సెక్కి జీడి బట్టీకి వెళ్ళాడు. చేరేసరికి రెండుకు అయిదు నిమిషాలుంది. రేకుల షెడ్డులో అరవై మంది ఆడవాళ్ళు వరుసగా కూర్చుని పిక్కలు కొడుతున్నారు. సూపర్‌వైజరు కాగితం చదివి గడియారం చూశాడు.

"పావుగంట. అంతకంటే కుదరదండి. లారీ వచ్చేస్తది."

రెండింటికి సింహాచలం చేతిలో పిక్కలు పగలగొట్టే మీట ఆగింది. ఆమె ఒకసారి ఎడమవైపు చూసింది, అక్కడెవరో ఉండాల్సినట్టు. తర్వాత ముందుకు వంగింది. మొదట శబ్దం రాలేదు. తర్వాత వచ్చింది. మరీ పెద్దది కాదు. దుఃఖంలో చాలాభాగం కాలువ గట్టున ఖర్చయిపోయింది. మిగిలింది మాత్రం ఆమెదే. "ఓరి దేవుడా, ఎల్లిపాయలన్నీ అయిపోనాయి" అంది, మళ్ళీ మళ్ళీ అదే అంది. కృపావరం నేల మీద ఆమె పక్కన కూర్చుని భుజం పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో నేర్చిన మాటల్లో ఒక్కటీ వాడలేదు. చుట్టూ పిక్కలు టకటకమని పగులుతూనే ఉన్నాయి.

రెండూ పదిహేనుకు సూపర్‌వైజరు దగ్గాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని నిటారుగా కూర్చుంది. ఫిర్యాదు పరిష్కారమైనట్టు కృపావరం కాగితం ముందుకు జరిపాడు. జీడి నూనెతో నల్లబడ్డ బొటనవేలు ఆమె నొక్కితే, సిరా అక్కర్లేకుండానే ముద్ర పడింది.

"ముసిలోడికి కూసింత మిగిలిందా?" అని అడిగింది.

"తెలీదమ్మా. కనుక్కుంటాను."

పక్క పీట మీద ఒక ముసలావిడ ఇదంతా చేతులు ఆపకుండా చూస్తోంది. సింహాచలం వంక తల తిప్పి, "నీకు పావుగంట ఇచ్చినాడా? అదృష్టవంతురాలివే" అంది. "మా పెద్దోడు పోనప్పుడు నాకు పది నిమిషాలే."

కృపావరం వెంటనే సంచీలోంచి ఫిర్యాదు దరఖాస్తు తీశాడు. కలం మూత విప్పాడు.

"మీది ఎవరికి వెళ్ళిందమ్మా? ఏ ఆసుపత్రి?"

"ఎవులికీ ఎల్లనేదు బాబూ" అందామె ఇంకో పిక్క పెట్టి మీట నొక్కుతూ. "తిన్నగా నాకే వొచ్చింది. ఇంటికాడే ఉన్నాది. ఏడవడానికే ఖాళీ దొరకనేదు."

దరఖాస్తులో అలాంటి వాళ్ళకు గడి లేదు. కృపావరం కలం మూత పెట్టి, షెడ్డులో ఆ చివరిదాకా వరుసగా కూర్చున్న ఆడవాళ్ళ వంక చూశాడు. ఎవరూ తల ఎత్తలేదు. బయట లారీ హారన్ కొట్టింది. ఆయనకు నాలుగింటికి ఇంకో చోట చావు ఉంది. లేచి, కాళ్ళకంటిన పిక్కల పొట్టు దులుపుకుని బస్సు కోసం నడిచాడు.